తలూపే పిల్లల కోసం రాయాల్సిన కథలు

బిడ్డా,

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే దేవరకొండ భవిత కేంద్రంలో టీచర్‌గా చేరావని తెలిసి చాలా సంతోషమైంది. వినికిడి లోపం ఉన్న పిల్లలకు సోషల్ స్టోరీలు ఎట్లా రాయాలని అడిగావు కదా, నాకు తెలిసింది రాస్తున్నా.

ఈ పద్ధతిని 1990ల మొదట్లో అమెరికాలో కారల్ గ్రే అనే టీచర్ ఆటిజం ఉన్న పిల్లల కోసం మొదలుపెట్టింది. ఫలానా చోట ఏం జరుగుతుంది, ఎదుటివాళ్లు ఏమనుకుంటారు, అప్పుడు నేనేం చేయవచ్చు అనేది పిల్లల మాటల్లోనే చెప్పే చిన్న కథ అది. మన పిల్లలకూ బాగా పనికొస్తుంది. పెద్దవాళ్లు మాట్లాడుకునేవి చెవిన పడి మిగతా పిల్లలు నేర్చుకునే పద్ధతులు వీళ్లదాకా రావు. ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి.

మొదటి కథ తలూపే అలవాటు మీద రాయి. "అర్థమైందా?" అనగానే వీళ్లు తలూపుతారు. కాలేదంటే సార్ తిడతాడని, పక్కవాళ్లు నవ్వుతారని భయం. అల్లరి చేసే పిల్లల గురించి అందరూ చెబుతారు గానీ, నాకు తలూపే పిల్లల గురించే ఎక్కువ బెంగ. ఏళ్లకేళ్లు చదువు పోతున్నా ఎవరికీ తెలియదు. నేనైతే ఇట్లా రాస్తాను:

"నా చెవులకు మిషన్లు ఉన్నాయి. సార్ బోర్డు వైపు తిరిగి మాట్లాడితే నాకు సరిగా వినబడదు. ఆ సంగతి సార్‌కు తెలియకపోవచ్చు. నేను చెయ్యెత్తి, 'సార్, ఇటు తిరిగి ఇంకోసారి చెప్పండి' అని అడగవచ్చు. చాలాసార్లు సార్ మళ్లీ చెబుతారు. చెప్పడం కుదరకపోతే బెల్లు కొట్టాక అడగవచ్చు."

"తప్పకుండా చెబుతారు" అని రాయకు. ఒక్కరోజు చెప్పకపోయినా ఆ కథ మీద నమ్మకం పోతుంది. "నేను ఎప్పుడూ అల్లరి చేయను" లాంటివీ వద్దు, అది కథ కాదు, తిట్టు. కథ ఇచ్చే ముందే ఆ సార్‌ను కలిసి చూపించు. ధైర్యం చేసి అడిగిన పిల్లకు మొదటిరోజే కసురు ఎదురైతే మళ్లీ నోరు తెరవదు.

"మధ్యాహ్న భోజనం లైన్లో అందర్నీ కొడుతున్నాడు" అని కంప్లైంట్ వస్తే వెంటనే కథ రాయకు. పోయి ఆ లైను పక్కన నిలబడి చూడు. వెనకున్న పిల్లవాడు "జరుగు" అని ఉంటాడు, వీడికి వినబడి ఉండదు, వాడు తోసి ఉంటాడు, వీడు తిరిగి కొట్టి ఉంటాడు. అట్లయితే భుజం తట్టి పిలవాలని మిగతా పిల్లలకూ ఒక కథ కావాలి. అంతకన్నా ముందు మిషన్ చూడు. చిన్న బ్యాటరీలు ఒకటి రెండు వారాల్లో అయిపోతాయి, చెవిలో పెట్టుకునే మోల్డ్‌లో గులిమి అడ్డం పడుతుంది.

వాక్యాలు పొట్టిగా ఉండాలి. ఫోటోలు వాళ్ల బడివే, వాళ్ల సార్‌వే పెట్టు. సైగలతో మాట్లాడే పిల్లలకు కాగితం కన్నా ఫోన్‌లో సైగల వీడియో మేలు. అమ్మానాన్నలు వలస పోతే అవ్వ దగ్గర పెరిగే పిల్లలు మన దిక్కు ఎక్కువ. అవ్వకు చదువు రాకపోయినా బొమ్మలు చూసి అర్థమయ్యేటట్టు ఉండాలి. చదివించి వదిలేయకు, నువ్వే సార్ లాగా బోర్డు వైపు తిరిగి నిలబడి వాళ్లతో అడిగించు. అది చాలా ముఖ్యం.

పిల్లలు తమంతట తామే అడగడం మొదలుపెట్టాక ఆ కథ పక్కన పెట్టి ఇంకో దాని మీద రాయి. "నా మిషన్‌లో బ్యాటరీ అయిపోయింది" అని చెప్పడం నేర్పేది తర్వాతిది కావాలి. మొదటి కథ రాయగానే ఫోటో తీసి నాకు పంపు, సార్‌కు చూపించే ముందు ఒకసారి చూస్తాను.

మీ పెద్ద టీచరమ్మ