యాన్ స్టేన్ బొమ్మల్లో ఇళ్లు ఎందుకంత చిందరవందరగా ఉంటాయి?

కావాలనే అలా గీశాడు. 17వ శతాబ్దపు డచ్చి చిత్రకారుడు యాన్ స్టేన్ (1626–1679) లైడెన్‌లో బీరు తయారుచేసే వ్యాపారి కొడుకు. చివరి రోజుల్లో తానే ఒక మద్యశాల నడిపాడు కూడా. తాగి తూలేవాళ్లను దగ్గరి నుంచి చూసిన కన్ను అది.

వియన్నా మ్యూజియంలో ఉన్న 1663 నాటి బొమ్మే చూడండి. ఇల్లాలు కూర్చునే కునుకు తీస్తోంది. కుక్క బల్లెక్కి తింటోంది, కోతి గడియారంతో ఆడుతోంది. నవ్వొస్తుంది. తల కాస్త పైకెత్తితే, కప్పు నుంచి వేలాడే బుట్టలో ఊతకర్ర కనిపిస్తుంది. సంసారం ఇలాగే సాగితే చివరికి బిచ్చమే గతి అని హెచ్చరిక.

నీతి సరే, ఆ అల్లరంటే ఆయనకు ముచ్చటేనని నా అనుమానం. కొన్ని బొమ్మల్లో తానే నవ్వుతూ మధ్యలో కూర్చుంటాడు. గందరగోళంగా ఉన్న ఇంటిని డచ్చివాళ్లు ఇప్పటికీ ‘యాన్ స్టేన్ సంసారం’ అంటారు.