ఢిల్లీ వెళ్లే బుజ్జికి

బుజ్జీ,

ఢిల్లీలో ఎమ్మే సీటొచ్చిందని మీ అమ్మ ఫోన్ చేస్తే వీధంతా చెప్పుకొచ్చాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఊరు కాని ఊరు, పైగా నీ ఆస్తమా ఆయాసం.

దుప్పట్లు వారానికోసారి వేడినీళ్లలో ఉతుకు. ఒళ్లు నొప్పులని ఎవరిచ్చిన బిళ్ల పడితే అది మింగకు, కొందరికి బ్రూఫెన్ రకం మాత్రలతోనే ఆయాసం ఎగదన్నుతుంది. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చాక నోరు పుక్కిలించు. ఇవన్నీ నీకు తెలిసినవే.

తెలియంది మీ మావయ్య సంగతి. అప్పుడు వాడు గుంటూరులో మిర్చి కొట్టు గుమాస్తా. డాక్టరు రోజూ రెండుపూటలా పీల్చమని స్టెరాయిడ్ ఇన్‌హేలర్ ఇచ్చాడు. వానాకాలమంతా పిల్లికూత లేదు. "తగ్గిపోయిందిగా అక్కా, ఇంకా డబ్బు దండగెందుకు" అని మానేశాడు. జేబులో నీలం ఇన్‌హేలర్ ఒక్కటే. ఎగదన్నినప్పుడల్లా రెండు పఫ్‌లు కొట్టడం, పనిలో పడటం. అది బిగుసుకున్న గొట్టాలని నాలుగైదు గంటలు వదులు చేస్తుందంతే, లోపలి వాపు జోలికి పోదు, దాన్ని అణిచేది స్టెరాయిడే. ఆ ఏడు భోగిమంటలో కుర్రాళ్లు పాత టైర్లు వేశారు. వీడు పఫ్ మీద పఫ్ కొట్టినా లాభం లేకపోయింది. "అక్కా" అన్నాడు, ఊపిరి లాగి, "ఆటో" అన్నాడు. రెండు మాటలు కలిపి అనలేకపోయాడు. గొంతు కింద గుంట లోపలికి లాక్కుపోతోంది, గోళ్లు నీలం తిరిగాయి. దారిలో కూత ఆగితే తగ్గిందనుకుని దేవుడికి దణ్ణం పెట్టాను. గాలి ఆడకే చప్పుడు ఆగిందని ఆస్పత్రిలో చెప్పారు. ఆక్సిజన్ పెట్టి ఎలాగో నిలబెట్టారు.

2019 నుంచి అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా నీలం దానితోనే సరిపెట్టుకోవద్దంటున్నాయి. బాగున్నానని స్టెరాయిడ్ మానేశావో, రైలెక్కి వచ్చి మరీ తిడతాను.

గదిలో అమ్మాయికి మొదటిరోజే చెప్పు, ఇన్‌హేలర్ ఎక్కడుంటుందో చూపించు. నీకు సిగ్గెక్కువ. టెన్త్‌లో ఎవరికీ చెప్పకుండా పరుగుపందెంలో దిగిన దానివి! (రెండో బహుమతి తెచ్చావనుకో, ఆ కప్పు మా అలమరాలోనే ఉంది.)

అక్టోబరు చివర్లో పంజాబు, హర్యానాల్లో వరికొయ్యలు కాలుస్తారు. దానికి టపాకాయలు, మంచు తోడు. ఏక్యూఐ (గాలి ఎంత పాడైందో చెప్పే లెక్క) 400 దాటిన రోజు క్లాసు పోతే పోయింది. తప్పకపోతే ఎన్95 మాస్కు పెట్టుకో. సెప్టెంబరులోనే అక్కడి డాక్టరుకి చూపించుకుని, డోసు మార్చాలేమో అడుగు. దీపావళికి మాత్రం ఇక్కడికొచ్చెయ్. టికెట్టు ఇప్పుడే చేయించు, డబ్బు నేనిస్తాను. మన వీధిలో ఎవడూ టపాకాయ కాల్చకుండా మీ మావయ్య కర్ర పట్టుకుని కూర్చుంటాడట.

మీ పెద్దమ్మ