పాంథర్‌కు రంగు కొట్టే ముందు

చి. కార్తీక్‌కు,

మామయ్య ఆశీస్సులు. కిట్ అతికించడం పూర్తయింది, ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే గన్) పట్టుకోవాలంటేనే టెన్షన్‌గా ఉంది అని రాశావు. రెండో ప్రపంచ యుద్ధపు జర్మన్ ట్యాంకు పాంథర్ డి బొమ్మను, అదీ 1/35 స్కేలులో (అసలుదానిలో 35వ వంతు) ఎంచుకోవడం చాలా మంచి పని. పక్కలకు వాలుగా, వెడల్పాటి పలకలుంటాయి దానికి. షేడింగ్ (రంగులతోనే వెలుగునీడలు చూపడం) నేర్చుకునేవాళ్లకు భలే అనువు.

ముందుగా ఒక్కటి గట్టిగా చెప్తాను. పైన కొట్టే పొర కింది పొరను పూర్తిగా కప్పేయకూడదు. షేడింగ్ అంతా అందులోనే ఉంది. రంగు ఎంత కొట్టామన్నది కాదు, ఎక్కడ ఆపామన్నది చూసుకో.

మోడల్‌ను సబ్బునీళ్లతో కడిగి బాగా ఆరనివ్వు. వేలిజిడ్డు ఉన్నచోట రంగు పట్టదు. గ్రే ప్రైమర్ (రంగు పట్టుకోవడానికి ముందు వేసే అడుగు పొర) కొట్టి, అది ఆరాక నలుపు, గోధుమరంగు కలిపి నీడ పడే చోట్ల కొట్టు: పలకల అతుకుల వెంట, టరెట్ (పైన తిరిగే ఫిరంగి గోపురం) కింద, చక్రాల వెనక, ఫెండర్ల అడుగున. గీతలు వంకర పోయినా కంగారు పడకు, పైన ఇంకా పొరలు వస్తాయి.

ఆ తర్వాత ముదురు పసుపు. 1943 ఫిబ్రవరి నుంచి జర్మన్ ట్యాంకుల మూలరంగు అదే. తమియా కంపెనీ ఎక్రిలిక్ రంగులు వాడుతున్నావు కాబట్టి వాళ్ల థిన్నరే సమపాళ్లలో కలిపి మొదలుపెట్టు. రంగు పాలంత పలచగా ఉండాలి. ఎయిర్‌బ్రష్ రంగు కప్పు అంచుకు కాస్త రాస్తే గబగబా కిందికి జారి, వెనక సన్నటి తెర మిగలాలి. ప్రెషర్ 15 నుంచి 20 పీఎస్‌ఐ చాలు. పలక మధ్యలో మొదలుపెట్టి అంచుల వైపు వెళ్లు, అతుకు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి తేల్చెయ్యి. మొదటి పొరకు ఏమీ కనిపించదు, అయినా ఓపిక పట్టు. రెండో పొరో మూడో పొరో పడేసరికి పసుపు నిండుగా వచ్చి, అతుకుల దగ్గర నీడ ఇంకా లీలగా కనిపిస్తుంటుంది. అక్కడ ఆపు. ఇంకొక్క పొర వేద్దామనిపిస్తుంది. వెయ్యకు.

ట్రిగ్గర్ నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. ఎప్పుడూ ముందు గాలి వదిలి, తర్వాత రంగు లాగు. ఆపేటప్పుడు ముందు రంగు ఆపి, చివర్లో గాలి ఆపు. ఈ వరస తప్పితే సూది మొన మీద మిగిలిన రంగు మళ్లీ నొక్కగానే చుక్కలుగా చిమ్ముతుంది. మధ్యమధ్యలో థిన్నర్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో మొన తుడుస్తూ ఉండు. ఉపరితలం గరుగ్గా వస్తోందంటే ఎయిర్‌బ్రష్ దూరంగా పట్టుకున్నావని, రంగు గాలిలోనే ఆరిపోతోందని అర్థం. రంగు చారలుగా పాకుతోందంటే మరీ దగ్గరగా పెట్టావని, లేదా ప్రెషర్ ఎక్కువైందని అర్థం. వానాకాలంలో గాలి గొట్టంలో నీళ్లు చేరతాయి, కంప్రెసర్‌కు తేమ పట్టే ఫిల్టర్ లేకపోతే ఈ వారమే కొనుక్కో.

వెలుగు పెంచాలనుకున్నప్పుడు పసుపులో తెలుపు కలపొద్దు, సున్నం కొట్టినట్టు తేలిపోతుంది. బఫ్ (లేత ఇసుక) రంగు కొద్దిగా కలిపి పైకప్పుల మీద, పలకల పై సగంలో మాత్రమే కొట్టు. ఫిరంగి గొట్టానికి పై భాగం లేతగా, అడుగు ముదురుగా రానివ్వు. గుండ్రటి మాంట్‌లెట్‌కూ (ఫిరంగి మొదట్లో ఉండే కవచం) అంతే, దాని కింది సగాన్ని బాగా ముదురుగా ఉంచు. నిజం పాంథర్‌లో అక్కడ తగిలిన గుండు కిందికి మళ్లి హల్ (ట్యాంకు కింది శరీరం) పైకప్పు మీద పడేది, అందుకే చివరి జి రకాల్లో ఆ ఆకారాన్నే మార్చారు. చూసేవాళ్ల కన్ను కూడా ముందు అక్కడికే పోతుంది.

ఇక పసుపు మీద వేసే పచ్చ, ఎర్రగోధుమ కామఫ్లాజ్ పట్టీలు, శత్రువు కంట పడకుండా వేసేవి. అప్పట్లో ఆ రంగులను ముద్దగా డబ్బాల్లో సిబ్బందికే ఇచ్చేవాళ్లు. వాళ్లు నీళ్లో పెట్రోలో కలిపి స్ప్రే గన్‌తోనో కుంచెతోనో పూసుకునేవాళ్లు. అందుకే ఏ రెండు ట్యాంకులూ ఒకేలా ఉండవు. ఒకే ట్యాంకు మీద కూడా ఒక పట్టీ చిక్కగా, ఇంకొకటి పలచగా ఉంటుంది. 1943 జూలైలో రష్యాలోని కుర్స్క్ యుద్ధంలో దిగిన తొలి పాంథర్ల ఫొటోలు ముందు పెట్టుకుని చూస్తూ కొట్టు. మాస్కింగ్ టేపు వాడకు, అంచులు మెత్తగా రావాలి. థిన్నర్ కాస్త పెంచి, ప్రెషర్ 12కి దించి, రెండు మూడు సెంటీమీటర్ల దూరం నుంచి కొట్టు. ముందు కాగితం మీద గీత గీసి చూసుకో.

అంతా ఆరాక ఎర్రగోధుమలో ఒక చుక్క నలుపు, మిగతా అంతా థిన్నర్ వేసి, అతుకుల వెంట ఒక్కసారి తేలిగ్గా తిప్పు. అప్పుడే పచ్చ, గోధుమ, పసుపు మూడూ కలిసి ఒకే ట్యాంకులా కనిపిస్తాయి.

కిటికీ తెరిచి, ఆర్గానిక్ వేపర్ ఫిల్టర్ ఉన్న మాస్కు పెట్టుకునే పని మొదలుపెట్టు. మామూలు ఎన్95 దుమ్మును ఆపుతుంది గానీ థిన్నర్ ఆవిరిని ఆపదు. మీ అమ్మ తిడుతుందని కాదు, నీ ఊపిరితిత్తుల కోసమే చెప్తున్నాను.

పసుపు పొర అయ్యాక, పట్టీలు మొదలుపెట్టే ముందే ఫొటో పంపు. ఎండ నేరుగా పడని కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా తీయి.

మీ మామయ్య