చెరువులో జేసీబీ దిగే ముందు

చి. అల్లుడికి,

మీ ఊరి పిల్లలంతా చందాలేసుకుని ఈ ఎండాకాలం చెరువు పూడిక తీయిద్దామనుకుంటున్నారని తెలిసింది. మంచి ఆలోచనే. కానీ జేసీబీకి ఇప్పుడే అడ్వాన్సు ఇవ్వకండి. చెరువు బాగుచేయడమంటే తవ్వడమే అని అందరూ అనుకుంటారు. ఎండిపోయిన చెరువుల్లో చాలావాటికి జబ్బు అడుగున ఉండదు, నీళ్లొచ్చే దారిలో ఉంటుంది. ఆ దారి మూసుకుపోయాక ఎంత తవ్వినా మిగిలేది లోతైన ఎండు గొయ్యే.

మన దగ్గరివి చాలావరకు గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండి మత్తడి, అంటే మిగులు నీళ్లు పొర్లిపోయే గట్టు, దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు రావాలి. అందుకని తహసీల్ ఆఫీసులో గ్రామ నక్షా నకలు తీసుకుని, పై చెరువు మత్తడి దగ్గర బయలుదేరి మీ చెరువు దాకా కాలువ వెంట నడవండి. టేపు పట్టుకుని నాలుగైదు చోట్ల వెడల్పు, లోతు కొలిచి రాసుకోండి. పట్టా పొలంలో కలిసిపోయిన చోట్లు, ప్లాట్ల కోసం మట్టి పోసిన చోట్లు ఎలాగూ కనపడతాయి. కంటికి ఆననివి రోడ్ల కింద నీళ్లు పోవడానికి వేసిన తూరలు, అంటే సిమెంటు గొట్టాలు. పదడుగుల వెడల్పు, రెండడుగుల లోతున్న కాలువకు రెండడుగుల తూర ఒక్కటి వేసి రోడ్డు పోస్తారు. ఇరవై చదరపు అడుగుల దారిని మూడు చదరపు అడుగులకు కుదించినట్టు. అలాంటివి ఆరేడు పక్కపక్కన వేస్తే తప్ప పాత దారికి సమానం కాదు. ముందు డబ్బు పెట్టాల్సింది అక్కడ.

రెండో పని హద్దు. ఎఫ్‌టీఎల్ అంటే మత్తడి అంచు ఎత్తున నీళ్లు నిలిచే గీత, అంతే. దాన్ని పట్టుకోవడానికి తేలికైన రోజొకటుంది. మత్తడి దుంకి, పోత సన్నబడి, ఆగిపోయే రోజున నీళ్లు ఎక్కడి దాకా ఉన్నాయో చుట్టూ తిరిగి రాళ్లు పాతండి. మత్తడి జోరుగా పోతున్నప్పుడు పాతితే గీత పైకి పోతుంది, రేపు ఎవరైనా వాదిస్తే నిలవదు. ఈ ఏడు నిండకపోతే మేస్త్రీలు వాడే నీళ్ల పైపుతో మత్తడి అంచు నుంచి మట్టం తీసుకోవచ్చు. పైపులో బుడగ ఒక్కటి ఉన్నా లెక్క తప్పుతుంది కాబట్టి ప్రతిసారీ రెండు కొసలూ పక్కపక్కన పెట్టి సరిచూసుకోండి. ఇవన్నీ మీకు ఆనవాళ్లు మాత్రమే. అధికారికంగా హద్దు వేయాల్సింది నీటిపారుదల, రెవెన్యూ శాఖలు. భవన నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువు చుట్టూ 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు ఖాళీగా వదలాలి. ఈ సంగతి పంచాయతీలో గట్టిగా చదివి వినిపించండి.

తవ్వడానికి నీటిపారుదల శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) దగ్గర కాగితం మీద అనుమతి తీసుకోండి. మత్స్య సహకార సంఘాన్ని అడగకుండా నీళ్లు వదలొద్దు. చేపలు పట్టుకునే తేదీ వాళ్లది. శిఖంలో, అంటే నీళ్లు తగ్గాక తేలే చెరువు భూమిలో, పంట వేసుకునేవాళ్లనూ కూర్చోబెట్టి మాట్లాడాలి. ఇవి దాటేస్తే మొదటి ట్రాక్టర్ దగ్గరే పంచాయితీ మొదలవుతుంది.

ఇక పూడిక. ఐదారు చోట్ల నడుము లోతు గుంతలు తీసి గోడల్ని చూడండి. పైన నల్లటి ఒండ్రు, కింద రంగు మారి మొరమో ఇసుకో తగులుతుంది. ఆ రంగు మారే చోటికి ఒక జానెడు పైనే ఆగాలి. జిగట పొర చీల్చి మొరంలోకి దిగితే నీళ్లు కిందికి ఇంకిపోతాయి. బోర్లకు అది లాభమే, ఆయకట్టుకు నష్టం. మీ ఊరికి ఏది కావాలో ముందే తేల్చుకోండి, డ్రైవర్‌కు వదిలేయొద్దు. తూము అడుగు మట్టం కన్నా లోతుకు తవ్వితే ఆ నీళ్లు పొలానికి ఎక్కవు. నడిమధ్య ఒక మడుగు మాత్రం కాస్త లోతుగా ఉంచితే ఎండల్లో పశువులకు, చేపలకు పనికొస్తుంది. దాని అంచులు నిటారుగా కాకుండా అడుగు లోతుకు నాలుగడుగుల వాలు ఉండాలి. గోడలా కోసిన గుంతల్లోనే పిల్లలు, బర్రెలు మునిగేది. కట్ట మొదలు నుంచి కనీసం పది మీటర్లు బకెట్ తగలనివ్వకండి.

ఎకరం మేర ఒక అడుగు తీస్తే 1,233 ఘనపు మీటర్లు, అంటే పన్నెండు లక్షల లీటర్ల పైచిలుకు నీటికి చోటు. ట్రాలీకి మూడు ఘనపు మీటర్ల లెక్కన నాలుగొందల ట్రాలీలు అవుతాయి. ఇంత మట్టి ఎవరు మోసుకుపోతారన్నది తవ్వకముందే తేలాలి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో తవ్వకం ఖర్చు సర్కారుది, తోలుకోవడం రైతుది. ఆ పద్ధతి ఇప్పటికీ మంచిదే.

పొలానికి పోసేముందు పరీక్ష చేయాలి. గాజు సీసాలో సగం దాకా మట్టి వేసి, నీళ్లు పోసి, బాగా కుదిపి పెట్టండి. ఒక నిమిషంలో అడుగున చేరేది ఇసుక, రాత్రంతా ఆగి పైన పేరేది జిగట మట్టి. సగం కన్నా ఎక్కువ ఇసుకైతే డీజిల్ దండగ. ఎండిన ఒండ్రు మీద తెల్లగా పూస్తే అది చౌడు. భూసార పరీక్షా కేంద్రంలో పీహెచ్ 8.5 దాటితే ముట్టుకోవద్దు. పట్నం మురుగో ఫ్యాక్టరీ నీళ్లో కలిసిన చెరువు మట్టి ఎంత నల్లగా నిగనిగలాడినా పంట భూమికి వద్దు, లోహాలు అందులోనే పేరుకుంటాయి. అన్నీ బాగుంటే ఎర్ర చెలకకు ఎకరానికి ముప్పై అయిదు ట్రాలీలు పోస్తే ఒక అంగుళం మందం వస్తుంది. ఎండకు గడ్డలు పగలనిచ్చి, తొలకరికి ముందు దున్ని కలిపేయాలి. నల్లరేగడికి ఇది అక్కర్లేదు.

గుర్రపు డెక్క పూత రాకముందే తీయాలి. గింజ బురదలో పదిహేనేళ్లకు పైగా బతికుంటుంది. తీసింది కట్ట పక్కన వేస్తే మొదటి వానకే తిరిగి నీళ్లలోకొస్తుంది, ఎఫ్‌టీఎల్ దాటించి కుప్ప వేయండి. ఊరి మురుగు అలాగే కలుస్తున్నంత కాలం ఏటా తీస్తూనే ఉండాలి, డెక్కకు అదే తిండి. లొట్టపీసు కాడ ముక్క తడి తగిలితే వేరు పోస్తుంది, సర్కారు తుమ్మను నేలకు కోస్తే గుబురుగా లేస్తుంది. అడుగు లోతున మోడుతో సహా పెకలించాలి. అయితే తుమ్మల మీద గూళ్లుంటే ఆ దిబ్బ జోలికి పోకండి. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో గూడబాతులు గూళ్లు కట్టేది ఈ పిచ్చి తుమ్మల మీదే. ఒక పక్క అంచున తుంగ, జమ్ము కూడా వదిలేయండి. చెరువంతా గీకి, చుట్టూ సిమెంటు గోడ కట్టి, బెంచీలు వేసే పనిని సుందరీకరణ అంటున్నారు. వాలు పొలాల నుంచి వచ్చే నీళ్లను ఆ గోడే ఆపేస్తుంది, చెరువుకు అంతకన్నా అన్యాయం లేదు.

కట్ట మీద మట్టి పోస్తే జానెడు మందం చొప్పున, తడిపి, రోలర్ తిప్పాలి. ఒకేసారి గుమ్మరించిన మట్టి మొదటి వానలోనే కుంగుతుంది. ఎలుక, పీత బొక్కల్ని కొస దాకా తవ్వి జిగట మట్టితో దిమ్మిస కొట్టాలి. మత్తడి మీద ఇసుక బస్తాలు పేర్చి ఇంకొంచెం నీళ్లు ఆపుదామని ఎవరో ఒకరు అంటారు, ఒప్పుకోవద్దు. చాలా కట్టలు తెగేది అలాగే.

తొలి వరదకు రాత్రిపూట కూడా ఇద్దరిని టార్చిలైటుతో కట్ట వెనుక తిప్పండి, ముఖ్యంగా తూము దగ్గర. తేటనీరు ఊరితే భయం లేదు. మట్టినీరు వస్తే లోపల కట్ట కరుగుతోందని అర్థం. బయటి నుంచి మట్టితో ఆ బొక్క మూయకండి, ఒత్తిడి పక్క నుంచి బద్దలు కొడుతుంది. దాని మీద ముందు ఇసుక, ఆపైన కంకర, ఆపైన రాళ్లు వేసి నీటిని వడగట్టి పోనివ్వండి, తూము ఎత్తి మట్టం తగ్గించండి, వెంటనే ఏఈకి ఫోన్ చేయండి. ఇసుక, కంకర ఒక్కో ట్రాక్టర్ చొప్పున మే నెలలోనే కట్ట దగ్గర పోయించి పెట్టుకోండి.

ఇట్లు,
మీ మామ