డ్రైనేజీ సదస్సుకి వెళ్తున్నారా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వాననీటి కాలువలు, భూగర్భ డ్రైనేజీ మీద జరిగే సదస్సుల గురించే. పంపేది ఆఫీసు, వెళ్లేది ఇంజినీరు, తిరిగొచ్చాక లెక్క అడిగేది కౌన్సిల్. అందుకే ఎవరి ప్రసంగం వినాలన్నదానికంటే అక్కడ ఏ ప్రశ్నలు అడగాలన్నదాని మీదే ఎక్కువ రాశాం.

ప్రశ్న: మా డీఈ గారినీ నన్నూ ముంబైలో జరిగే ఐఫ్యాట్ ఇండియాకి పంపుతున్నారు. చేతిలో రెండు రోజులే ఉన్నాయి. నీటిని ఒత్తిడితో చిమ్మి పైపుల్లో పూడిక తీసే జెట్టింగ్ మిషన్ కొనాలన్న ప్రతిపాదన ఉంది. స్టాళ్లలో ఏం చూడాలి, ఏం అడగాలి?
– మున్సిపల్ ఏఈ, కృష్ణా జిల్లా

జవాబు: గోరేగావ్‌లోని బాంబే ఎగ్జిబిషన్ సెంటర్‌లో జరిగే ఈ నీరు, మురుగు, చెత్త యంత్రాల ప్రదర్శన మ్యూనిక్ ఐఫ్యాట్‌కి మన దేశపు రూపం. ఏ సన్నాహమూ లేకుండా వెళ్తే రెండు సంచుల కేటలాగులతో తిరిగొస్తారు, అంతే. బయల్దేరే ముందే ఒక కాగితం మీద మీ ఊరి వివరాలు రాసుకోండి. ఏ సైజు పైపు ఎన్ని మీటర్లుంది, అది స్టోన్‌వేరా, ఆర్‌సీసీనా, పీవీసీనా, మ్యాన్‌హోళ్ల మధ్య దూరం ఎంత, అన్నిటికన్నా లోతైన మ్యాన్‌హోల్ ఎన్ని మీటర్లు, పోయిన వానాకాలంలో ఫిర్యాదులు ఎక్కువొచ్చిన పది వీధులు ఏవి, ఆ వీధుల్లో అన్నిటికన్నా ఇరుకు చోటు ఎన్ని అడుగులు. ఈ చివరిది చాలామంది మర్చిపోతారు. ఆరడుగుల సందులోకి లారీ చాసిస్ మీద బిగించిన మిషన్ రాదు. హైదరాబాద్ జలమండలి 2017లో మినీ జెట్టింగ్ మిషన్లు దింపింది ఇలాంటి గల్లీల కోసమే.

స్టాల్లో అడుగుపెట్టగానే ప్రెషర్ చెబుతారు: 150 బార్, 200 బార్ అని. మీరు అడగాల్సింది నిమిషానికి ఎన్ని లీటర్లని. ప్రెషర్ పూడికని కోస్తుంది. కోసినదాన్ని మోసుకెళ్లేది నీళ్లే. 300 మి.మీ. పైపులో ఇసుక పేరుకున్నప్పుడు ప్రెషర్ ఎక్కువ, నీళ్లు తక్కువ ఉన్న మిషన్ ఇసుకలో ఒక సన్నని దారి చేసుకుని ముందుకు పోతుంది. ఇసుక మాత్రం అక్కడే ఉంటుంది. ఆ పూటకి నీరు దిగుతుంది, వారం తిరక్కుండా అదే మ్యాన్‌హోల్ మళ్లీ పొంగుతుంది.

తర్వాత ట్యాంకు సంగతి. 4,000 లీటర్ల ట్యాంకుకి నిమిషానికి 200 లీటర్ల పంపు పెడితే 20 నిమిషాల్లో ఖాళీ. నీళ్లు పట్టుకునే చోటు ఊరి అవతలుంటే బండి పనిచేసే గంటలకన్నా రోడ్డు మీద తిరిగే గంటలే ఎక్కువవుతాయి. పీల్చిన మురుగులోని నీటినే వడకట్టి మళ్లీ వాడే మిషన్లూ ఉన్నాయి. అయితే వాటి ఫిల్టర్లని రోజూ కడగాలి. కడిగే మనిషి లేని చోట ఆ ఖర్చు పెట్టొద్దని మా సలహా.

గొట్టం గురించి కూడా గట్టిగా అడగండి. పంపు దగ్గర మీటరు చూపే ప్రెషర్ నాజిల్ దాకా చేరదు. గొట్టం పొడవయ్యేకొద్దీ, లోపలి వ్యాసం తగ్గేకొద్దీ రాపిడికి పోతుంది. "100 మీటర్ల గొట్టం చివర, నాజిల్ దగ్గర ఎంత ప్రెషర్, ఎంత నీరు?" అని అడిగితే మీతో మాట్లాడటానికి సేల్స్ కుర్రాడి బదులు వాళ్ల ఇంజినీరు వస్తాడు. నాజిల్లో వెనక్కి చిమ్మే రంధ్రాల కోణం చూడండి. కోణం తక్కువగా, నీటి ధార పైపు వెంబడే వెళ్లేలా ఉంటే ముందుకు తోసే బలం ఎక్కువ, ఇసుక బాగా కదులుతుంది. కోణం పెరిగితే ధార గోడలకి తగులుతుంది, హోటళ్ల వీధుల్లో పేరుకునే కొవ్వు ఊడుతుంది. మిషన్‌తో పాటు ఒకే నాజిల్ ఇస్తామంటే టెండర్లోనే మరో రెండు రకాలు చేర్చండి.

పారదర్శక పైపులో చూపించే డెమో బాగానే ఉంటుంది గానీ దాంతో తేలేది ఏమీ లేదు. మీ వీధిలో, మీ పూడిక మీద చేసి చూపిస్తారా అని అడగండి. అప్పుడు ఒకటి గమనించండి. జెట్టింగ్ దిగువ మ్యాన్‌హోల్ నుంచి ఎగువకి చేయాలి. అప్పుడే ఊడిన పూడిక దిగువకి కొట్టుకొస్తుంది, అక్కడ పీల్చుకోవచ్చు. ఎగువ నుంచి దిగువకి గొట్టం వదిలితే పూడిక పక్క వీధికి మారుతుంది తప్ప బయటికి రాదు. డెమోకి వచ్చినవాళ్లే తలకిందులుగా మొదలెడితే వాళ్లిచ్చే శిక్షణ ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

చివరిగా, పంపు సీళ్లు, వాల్వులు ఏ ఊళ్లో దొరుకుతాయో, ఎన్ని రోజుల్లో వస్తాయో రాతపూర్వకంగా తీసుకోండి. ఇదివరకే ఆ మిషన్ కొన్న మున్సిపాలిటీ పేరు అడిగి, అక్కడి ఆపరేటర్‌తో మాట్లాడండి. అధికారులతో మాట్లాడితే కొన్న తేదీ తెలుస్తుంది, ఆపరేటర్‌తో మాట్లాడితే ఆగిపోయిన రోజులు తెలుస్తాయి.

ప్రశ్న: మా కాలనీలో ఎండాకాలమంతా డ్రైనేజీ బాగానే ఉంటుంది. వాన మొదలైన పావుగంటకే మ్యాన్‌హోళ్లు పొంగుతాయి. సదస్సు కార్యక్రమంలో "మురుగు లైన్లలోకి వాననీటి చొరబాటు" అని ఒక సెషన్ ఉంది. దాంతో మాకేమైనా ఉపయోగమా? పెద్ద పైపు వేసేస్తే పోదా?
– కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి, హైదరాబాద్

జవాబు: మిగతావి మానేసినా ఆ సెషన్‌కి తప్పక వెళ్లండి. ఎందుకో లెక్కలోనే ఉంది. అయిదుగురున్న ఇంటికి మనిషికి రోజుకి 135 లీటర్ల చొప్పున నీళ్లొస్తాయనుకుందాం. అందులో 80 శాతం మురుగుగా మారితే రోజుకి 540 లీటర్లు. రద్దీ వేళ సగటుకి మూడు రెట్లు పారుతుందనుకున్నా సెకనుకి 0.019 లీటరు దాటదు. ఇప్పుడు అదే ఇంటి 100 చదరపు మీటర్ల డాబా మీద గంటకి 50 మి.మీ. వాన పడితే వచ్చే నీరు గంటకి 5,000 లీటర్లు, అంటే సెకనుకి దాదాపు 1.4 లీటర్లు. ఒక డాబా పైపుని మురుగు లైన్లో కలిపితే డెబ్బైకి పైగా ఇళ్ల మురుగుని అదనంగా కలిపినట్టే. 500 ఇళ్ల కాలనీలో పది ఇళ్లవాళ్లు ఈ పని చేసినా, ఆ పది డాబాల నీరే కాలనీ మొత్తం మురుగుకన్నా ఎక్కువ.

పెద్ద పైపు దీనికి మందు కాదు. మురుగు లైన్లో పూడిక నిలవకుండా ఉండాలంటే ఇప్పటి రద్దీ వేళలో నీరు కనీసం సెకనుకి 0.6 మీటరు వేగంతో పారాలని కేంద్ర ప్రభుత్వ ప్రజారోగ్య ఇంజినీరింగ్ సంస్థ సీపీహెచ్‌ఈఈఓ మాన్యువల్ చెబుతుంది. వాననీటి కోసం అవసరానికి మించిన పైపు, అదీ తక్కువ వాలులో వేస్తే ఏడాదిలో ఎక్కువ నెలలు అడుగున సన్నగా, నెమ్మదిగా పారుతుంది. ఇసుక దిగుతుంది. వానాకాలం వచ్చేసరికి ఆ పెద్ద పైపు సగం పూడిపోయి ఉంటుంది.

ముందు నీరు ఎలా వస్తోందో తేల్చండి. వాన మొదలైన కాసేపటికే మట్టం పెరిగి, ఆగిన గంటా రెండు గంటల్లో తగ్గిపోతే అది డాబా పైపుల, పెరటి జాలీల పని. మీ ఉత్తరాన్నిబట్టి మీది ఇదే. వాన ఆగిన రెండు మూడు రోజులకి కూడా తగ్గకపోతే, పగిలిన జాయింట్ల నుంచీ మ్యాన్‌హోల్ గోడల నుంచీ భూగర్భ జలం ఊరుతున్నట్టు. రెండింటికీ చికిత్స వేరు.

డాబా పైపుల్ని పట్టుకోవడానికి పొగ పరీక్ష తేలిక. నేల పొడిగా ఉన్న రోజు చూసుకోవాలి. ముందురోజే ఇంటింటికీ చెప్పి, వాడకంలో లేని బాత్రూం ట్రాపుల్లో (నీరు నిలిచి వాసనని ఆపే వంపుల్లో) బకెట్ నీళ్లు పోయించాలి, లేకపోతే పొగ ఇళ్లలోకి వస్తుంది. ఫైర్ స్టేషన్‌కి కూడా చెప్పి ఉంచండి. రెండు మ్యాన్‌హోళ్ల మధ్య లైన్‌ని ఇసుక బస్తాలతో అడ్డుకట్టి, బ్లోయర్‌తో హాని లేని పొగ వదలాలి. ఏ డాబా పైపులోంచి పొగ లేస్తే అక్కడ కనెక్షన్ ఉన్నట్టు, ఫొటో తీసి పెట్టుకోండి. పొగ రాలేదని వదిలెయ్యకూడదు. దారిలో నీళ్లున్న ట్రాప్ ఉంటే పొగ ఆగిపోతుంది. అనుమానం ఉన్న ఇంటి డాబా మీద రంగు నీళ్లు పోసి దిగువ మ్యాన్‌హోల్లో చూస్తే తేలిపోతుంది. సెషన్‌లో వక్తని ఒకటి అడగండి: కనెక్షన్లు తీసేయించాక ఆ నీటిని ఎటు పంపారని. పక్కన వరద కాలువ లేని వీధిలో డాబా పైపు కోసేస్తే నీళ్లు పక్కింటి వాకిట్లోకి పోతాయి, వారంలో ఎవరో ఒకరు మళ్లీ కలిపేస్తారు. ఇంకుడుగుంతో, రోడ్డు పక్క కాలువో ముందు సిద్ధంగా ఉండాలి.

ప్రశ్న: రోడ్డు తవ్వకుండా పాత పైపులోనే కొత్త లైనింగ్ వేసే పద్ధతిని సదస్సులో బాగా ప్రచారం చేస్తున్నారు. నమ్మొచ్చా?
– కాంట్రాక్టర్, విశాఖపట్నం

జవాబు: పద్ధతి పాతదే. 1971లో లండన్‌లో మొదలైంది. రెసిన్‌లో (వేడికి గట్టిపడే జిగురులో) నానబెట్టిన ఫెల్ట్ గొట్టాన్ని పాత పైపులోకి తిరగేసి పంపి, వేడి నీళ్లతోనో ఆవిరితోనో గట్టిపరుస్తారు. గాజు నార గొట్టమైతే అతినీలలోహిత దీపాలతో గట్టిపరుస్తారు. మందం వల్ల పైపు ఇరుకవుతుందన్న భయం ఎక్కువగా వినిపిస్తుంది, అందులో పస తక్కువ. 300 మి.మీ. పైపులో 6 మి.మీ. లైనింగ్ వేస్తే లోపలి వ్యాసం 288కి తగ్గుతుంది. కానీ పైపు లోపలి గరుకుదనాన్ని చెప్పే గుణకం పాత కాంక్రీటు 0.013 నుంచి 0.011కి దిగితే మోసే నీరు తగ్గకపోగా సుమారు 6 శాతం పెరుగుతుంది.

అసలు చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. పైపు మధ్యలో కుంగి నీళ్లు నిలుస్తుంటే లైనింగ్ కూడా అదే కుంగుబాటులో పరుచుకుంటుంది, వాలు సరికాదు. అక్కడ తవ్వక తప్పదు. లైనింగ్ వేశాక ఇళ్ల కనెక్షన్లన్నీ మూసుకుపోతాయి, వాటిని రోబో కట్టర్‌తో లోపలి నుంచి కోసి తెరవాలి. ముందే కెమెరాతో ఒక్కో కనెక్షన్ దూరం కొలిచి రాసుకోకపోతే ఏదో ఒక ఇంటి కనెక్షన్ మూసుకుపోయి ఉండిపోతుంది. పాత పైపు వ్యాసాన్ని నాలుగైదు చోట్ల కొలవకుండా గొట్టం తెప్పిస్తే పెద్దదై మడతలు పడుతుంది, ఆ మడతల దగ్గర గుడ్డలూ వెంట్రుకలూ చిక్కుకుంటాయి. భూగర్భ జలం కారుతున్న చోట రెసిన్ చల్లబడి మెత్తగానే మిగలొచ్చు. అందుకే ముందు ఊట ఆపాలి. స్టాల్లో అందంగా కోసిపెట్టిన ముక్కని కాకుండా, అసలు పనిలో తీసిన నమూనా మీద మందం, వంపు పరీక్షల రిపోర్టు చూపమనండి. పని ముందూ వెనకా తీసిన కెమెరా వీడియో బిల్లుతో జతచేయాలన్న షరతు ఒప్పందంలో ఉందో లేదో చూడండి.

ప్రశ్న: నేను ఇల్లినాయ్‌లో ఒక చిన్న పట్టణపు పబ్లిక్ వర్క్స్‌లో చేరాను. మొదటిసారి వెఫ్‌టెక్‌కి వెళ్లాలనుకుంటున్నాను. ఏం వదులుకోకూడదు?
– జూనియర్ ఇంజినీరు, అమెరికా

జవాబు: వాటర్ ఎన్విరాన్‌మెంట్ ఫెడరేషన్ నడిపే ఆ సదస్సు 2024లో న్యూ ఆర్లీన్స్‌లో, 2025లో చికాగోలో జరిగింది. శని, ఆదివారాల వర్క్‌షాపులు, క్షేత్ర పర్యటనలకి విడిగా నమోదు చేసుకోవాలి, ముందే నిండిపోతాయి. చికాగోలో అయితే భూగర్భ సొరంగాల పథకం గురించి ఏ పర్యటన ఉన్నా వదలొద్దు. 109 మైళ్ల సొరంగాలు, కొన్నిచోట్ల 33 అడుగుల వ్యాసం. తవ్వకం 1970లలో మొదలైతే సొరంగాలు 2006లో పూర్తయ్యాయి, థార్న్‌టన్ జలాశయం 2015లో వచ్చింది. చికాగోలో మురుగూ వాననీరూ ఒకే పైపులో పారతాయి. ఆ రెండూ కలిసి నదిలోకి పొంగకుండా పట్టి ఉంచి, తర్వాత శుద్ధికి పంపడం ఆ పథకం పని. న్యూ ఆర్లీన్స్‌లో తిప్పలు ఇంకో రకం. ఊళ్లో చాలా భాగం సముద్ర మట్టం కంటే కిందుంది, పడ్డ వానని పంపులతో ఎత్తిపోయాల్సిందే. బాల్డ్విన్ వుడ్ 1913లో రూపొందించిన స్క్రూ పంపుల రకం అక్కడ వందేళ్లకి పైగా పనిచేస్తోంది.

కుర్చీలో కూర్చుని వినడం విసుగనిపిస్తే ఆపరేషన్స్ చాలెంజ్ పోటీ దగ్గరికి వెళ్లండి. నలుగురేసి జట్లు గడియారం పెట్టుకుని పాడైన పైపు ముక్కని కోసి కొత్తది అమర్చడం, మ్యాన్‌హోల్లో పడిపోయిన సహోద్యోగిని పైకి తీయడం లాంటివి చేస్తాయి. కోత వంకర పోతే కప్లింగ్ దగ్గర ఏమవుతుందో అక్కడ కళ్లారా కనిపిస్తుంది. మీరే పేపర్ ఇవ్వాలనుకుంటే, శరత్కాలపు సదస్సుకి సారాంశం ముందు ఏడాది చివరికల్లా సిద్ధం కావాలి.

ప్రశ్న: ఎంటెక్ ప్రాజెక్టుగా మా ఊరి వరద కాలువ మీద పేపర్ రాస్తున్నాను. పోస్టర్‌కి ఎంపిక అవుతుందా?
– విద్యార్థిని, వరంగల్

జవాబు: రోజు వాన లెక్కలతో రాస్తే కష్టమమ్మా. పది హెక్టార్ల వాడకి పారుదల గుణకం (పడ్డ వానలో కాలువకి చేరే వంతు) 0.8, వాన తీవ్రత గంటకి 60 మి.మీ. అనుకుంటే ప్రవాహం సెకనుకి 1.33 ఘనపు మీటర్లు. ఆ 60 బదులు 24 గంటల సగటు తీవ్రత వాడితే కాలువ చాలా చిన్నదిగా తేలుతుంది. నీరు ఆ చివర నుంచి ఈ చివరకి చేరే సమయానికి సరిపడా, 15 నిమిషాల వాన రికార్డు వాడండి. పోస్టర్‌లో కొలిచినది ఏది, ఊహించినది ఏది అన్నది వేరుగా చూపండి. కాలువ చివర చెరువు మట్టం కూడా కొలవండి. చెరువు నిండి ఉంటే నీరు ఎదురుతన్నుతుంది, అప్పుడు మీ కాలువ ఎంత వెడల్పున్నా పారదు.

ప్రశ్న: నేను పారిశుధ్య పనివారి సూపర్‌వైజర్‌ని. గ్యాస్ డిటెక్టర్ కొనడానికి సదస్సుకి రమ్మంటున్నారు. ఏం అడగాలి?
– కరీంనగర్

జవాబు: ముందు ఒక మాట. చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మ్యాన్‌హోల్లోకి దించడం నేరం. యంత్రంతో కుదరని అరుదైన సందర్భంలో కూడా స్థానిక సంస్థ ముఖ్య అధికారి కారణాలు రాసి అనుమతి ఇవ్వాలి. మురుగు లైన్లో మరణిస్తే కుటుంబానికి 30 లక్షల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది.

డిటెక్టర్ నాలుగు చూడాలి: ఆక్సిజన్, మండే వాయువులు, హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ మోనాక్సైడ్. ఆక్సిజన్ 19.5 శాతం కన్నా తగ్గితే దిగకూడదు. హైడ్రోజన్ సల్ఫైడ్ 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో 100) ప్రాణాపాయ స్థాయి. ఆ మోతాదుకి ముక్కు మొద్దుబారి కుళ్లు వాసనే తెలియదు, కాబట్టి "వాసన లేదు, దిగొచ్చు" అన్న మాట మీ దగ్గర వినపడకూడదు. గొట్టంతో పైన, మధ్యలో, అడుగున మూడుచోట్లా కొలిచే పంపు ఉన్న మోడల్ తీసుకోండి. ఒక్కసారి కొలిచి సరిపెట్టొద్దు. పూడికని కదిపినప్పుడే దాని అడుగునున్న వాయువు బయటికొస్తుంది, మీటరు పని అయ్యేదాకా నడుస్తూ ఉండాలి. స్టాల్లో అడగాల్సినవి: సెన్సర్ ఎన్నేళ్లు పనిచేస్తుంది, మార్చడానికి ఎంత, పరీక్ష వాయువు సిలిండర్ మీ జిల్లాలో ఎవరిస్తారు. రోజూ పని మొదలెట్టే ముందు ఆ వాయువు చూపించి అలారం మోగుతుందో లేదో చూడాలి. మోగని మీటరుని ఆ రోజు పక్కన పెట్టేయాలి. మీటరుతో పాటే ట్రైపాడ్, చేతి వించి, ఒంటికి కట్టే బెల్టు కొనండి, ఎందుకంటే లోపల పడిపోయినవాణ్ని కాపాడదామని దిగిన రెండోమనిషి కూడా చనిపోవడం ఈ ప్రమాదాల్లో మళ్లీ మళ్లీ జరుగుతోంది. పైనుంచే లాగగలిగితే రెండోవాడు దిగాల్సిన పని ఉండదు.