తలుపు తట్టి వెళ్లు

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

మాజీ సైనికుల వృద్ధాశ్రమంలో వార్డెన్‌గా చేరుతున్నావని తెలిసి సంతోషించాను. ఆ పని ఇరవై రెండేళ్లు చేసినదాన్ని కనుక నాలుగు మాటలు రాస్తున్నాను.

అక్కడి వాళ్లలో కొందరు పెళ్లే చేసుకోలేదు, కొందరికి భార్య పోయింది, కొందరికి పిల్లలున్నా రాకపోకలు లేవు. మొదటి రోజే ఆ సంగతులు అడగకు. ఏ దళంలో చేశారు, ఏం పని చేశారు అని అడుగు. వంగిన నడుము కూడా కాస్త లేస్తుంది.

నిద్రలో ఉన్నవాళ్లను భుజం పట్టి కుదపొద్దు. కొత్తలో నేనా తప్పు చేశాను. మందుల వేళయిందని ఒక పెద్దాయన్ని తట్టి లేపితే, కళ్లు తెరవకుండానే నా మణికట్టు పట్టి మెలేశాడు. మెలకువ వచ్చాక ఆయన చేతులు వణికిపోయాయి. వారం రోజులు సిగ్గుతో నా కంట పడలేదు. అప్పట్నుంచి మంచం కాళ్లవైపు నిలబడి, పేరు పెట్టి "గారూ" అని పిలిచేదాన్ని. తుపాకుల మోతకి చెవులు దెబ్బతిన్నవాళ్లుంటారు, వాళ్ల గదిలో లైటు వేసి కాసేపు ఆగు.

ఎంత చిన్నదైనా ఎవరి గది వాళ్లకుండాలి. లండన్‌లోని చెల్సీ రాయల్ హాస్పిటల్ పేరుకే హాస్పిటల్, అది వృద్ధ సైనికుల నివాసం. 1692లో మొదటివాళ్లు చేరినప్పుడు ఒక్కొక్కరికీ ఇచ్చింది ఆరడుగుల చదరమే, అయినా అది సొంతం. నువ్వూ తలుపు తట్టి, రమ్మన్నాకే లోపలికి వెళ్లు.

చేతికి పని కూడా ఇవ్వాలి. పారిస్‌లో ఫ్రాన్స్ రాజు 14వ లూయీ 1670లో కట్టమని ఆజ్ఞాపించిన సైనికుల నివాసంలో చెప్పులు కుట్టే, తివాచీలు నేసే కార్ఖానాలుండేవి. నువ్వు తాళాలు ఒకరికి, హాజరు పుస్తకం ఒకరికి అప్పజెప్పు. జాలితో అన్నీ నువ్వే చేసిపెడితే వాళ్లు మంచం పడతారు.

సైన్యం నుంచి వచ్చేసేటప్పుడు ఇచ్చిన డిశ్చార్జి పత్రం, పింఛను కాగితాలు మొదటి వారంలోనే చూడు. నామినీగా నీ పేరు గానీ సిబ్బంది పేరు గానీ పడనివ్వకు. అంత్యక్రియలు ఎలా కోరుకుంటున్నారో, తెలివిగా ఉన్నప్పుడే రాయించి పెట్టు.

ఒకరు పోతే, ఆ మంచం తెల్లారేసరికి ఇంకొకరికి ఇచ్చేయకు. అందరికీ చెప్పి, వందనం చేయనివ్వు. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లనీ తీసుకెళ్లు. మా దగ్గర ఒకాయన లేవలేకపోయినా, ఆ పూట బూట్లు తొడిగించమని అడిగాడు. పాలిష్ డబ్బా, బ్రష్ ప్రతి గదిలో ఉంచు నాయనా.

ఉంటాను,
పెద్దమ్మ