కథనం వచ్చేదాకా గడువు ఆగదు

ప్రశ్న: ప్రైవేటు ఆస్పత్రిలో ఆపరేషన్ తర్వాత మా అమ్మ చనిపోయి 20 నెలలైంది. డాక్టర్ నిర్లక్ష్యమే కారణమని మా నమ్మకం. ఓ పరిశోధనాత్మక పాత్రికేయుడు మా కథ రాస్తానన్నారు. అది వచ్చాక కేసు వేద్దామనుకుంటున్నాం. ఈలోగా ‘పరిహారం ఇవ్వకపోతే పత్రికలకెక్కుతాం’ అని ఆస్పత్రికి మెసేజ్ పెట్టమంటున్నారు బంధువులు. పెట్టొచ్చా?

జవాబు: ఆ మెసేజ్ పెట్టకండి. బెదిరించి డబ్బు వసూలు చేయబోయారంటూ భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 308 కింద మీమీదే ఫిర్యాదు చేయడానికి వాళ్లకు మీ చేతిరాత ఇచ్చినట్టే. పరిహారం అడగాలంటే లాయర్ నోటీసులో అడగండి, అందులో పత్రిక మాటే రాకూడదు.

మీ కేసును తేల్చేది గడువు. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదుకు రెండేళ్లే. అమ్మగారు చనిపోయిన తేదీ నుంచి లెక్కేసినా మీకు మిగిలింది నాలుగు నెలలు. ఆపరేషన్ రోజు నుంచే లెక్కేయాలని అవతలివాళ్లు వాదిస్తారు, కాబట్టి ఆ పాత తేదీ నుంచే గడువు లెక్కేసుకోండి. తగిన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించే అధికారం వినియోగదారుల కమిషన్‌కు ఉన్నా, కథనం కోసం ఆగామంటే ఒప్పుకుంటుందని ఆశపడొద్దు.

ఇంత పెద్ద ఉత్తరంలో కేస్‌షీట్ ఊసే లేదు. ఇన్ని నెలలు దాన్ని అడగకుండా ఎలా ఉన్నారు? చికిత్స మొదలైననాటి నుంచి మూడేళ్లు రికార్డులు దాచాలని, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమాలు చెబుతున్నాయి. మరణ ధ్రువపత్రం, మీ బంధుత్వం చూపే కాగితం జతచేసి ఈ వారమే రాతపూర్వకంగా అడగండి. అందినట్టు సంతకం తీసుకోండి. ఆస్పత్రి వివరణ అడగడం పాత్రికేయుడి ధర్మం. ఆ ఫోన్ వెళ్లకముందే కేస్‌షీట్, అనస్థీషియా నోట్స్, నర్సుల చార్టు మీ చేతిలో ఉండాలి. ఆ తర్వాత వాటిని ఆ ఆస్పత్రితో సంబంధం లేని స్పెషలిస్టుకు చూపించి రాతపూర్వక అభిప్రాయం తీసుకోండి.

డాక్టర్‌తో మాట్లాడిన రికార్డింగ్ ఉంటే ఆ ఫోన్ అమ్మొద్దు, ఫార్మాట్ చేయొద్దు. వాట్సాప్‌లో పంపిన నకలు ఒక్కటే మిగిలితే అసలుదని నిరూపించడం కష్టం. ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో జతచేయాల్సిన భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ధ్రువపత్రంలో ఒక భాగం మీరు, మరో భాగం నిపుణుడు నింపాలి. పాత్రికేయుడికి నకళ్లే ఇవ్వండి.

ఆయనతో మాట్లాడేటప్పుడు కళ్లారా చూసింది వేరు, విన్నది వేరని విడదీసి చెప్పండి. ‘చంపేశారు’ అనొద్దు. పరువునష్టం (భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356) పత్రికకే కాదు, ఆ మాటన్న మీకూ చుట్టుకుంటుంది. క్రిమినల్ కేసులో మాట నిజమైతే చాలదు, ప్రజాహితమూ చూపాలి. పేరు వద్దనుకుంటే నోరు విప్పకముందే ఒప్పించుకోండి. అయినా ఆ హామీకి హద్దుంది: సమాచారం ఎవరిచ్చారో చెప్పక్కర్లేదన్న రక్షణ పత్రికలపై ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్ విచారణకే పరిమితం, కోర్టు అడగొచ్చు.

ఆస్పత్రికి మీరు కట్టింది 50 లక్షలు దాటకపోతే జిల్లా కమిషన్‌లో వేయండి. బిల్లులన్నీ ఇవాళే వెతికి ఒకచోట పెట్టండి.